కమిషనర్ ఒప్పుకున్నది కాగితం ఎక్కాలంటే

పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

విజయనగరం, శ్రీకాకుళం జిల్లాల మున్సిపల్, పంచాయతీ కార్మికులు, సంఘాల బాధ్యులు, ఒకరిద్దరు అధికారులు పంపిన ప్రశ్నలివి. ఒకే సంగతి అడిగిన ఉత్తరాలను కలిపేశాం. జవాబులకు ముందు ఒక మాట. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం స్థానంలో పారిశ్రామిక సంబంధాల కోడ్ 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చింది. సంఘాలు దాన్ని వ్యతిరేకిస్తున్నాయి, ఆ పోరు వేరు. కానీ అమల్లో ఉన్నది వదిలేసి పాత లెక్కతో సమ్మె నోటీసు రాస్తే దెబ్బ తగిలేది రాసినవాళ్లకే. కింద చెప్పిన గడువులు కొత్త కోడ్ ప్రకారం చెప్పినవి.

*ప్రశ్న: ప్రతి నెలా కమిషనర్ గారిని కలుస్తాం. టీ ఇస్తారు, మర్యాదగా మాట్లాడతారు, "చూద్దాం, చేద్దాం" అంటారు. మూడు నెలలైనా గ్లౌజులు రావు. మళ్లీ వెళ్తే మళ్లీ టీ. ఈ సమావేశాలు మానేసి ధర్నాకు కూర్చోవడమే మేలా?*
(సంఘం కార్యదర్శి, విజయనగరం)

మానొద్దు. జరిపే తీరు మార్చండి. ఇలాంటి సమావేశాలు చాలావరకు రెండు చోట్ల చెడతాయి: అడిగేటప్పుడు, లేచి వచ్చేటప్పుడు.

అడగడం గురించి ముందు. కోర్కెల పత్రంలో మొదటి అంశం "కార్మికులందరినీ పర్మినెంట్ చేయాలి" అని ఉంటే ఆ సమావేశం ఉపన్యాసంతో మొదలై ఉపన్యాసంతో ముగుస్తుంది. ఆ కోర్కె న్యాయమైనదే కావచ్చు, కానీ ఆ గదిలో కూర్చున్న మనిషికి దాని మీద సంతకం పెట్టే అధికారం లేదు. అందుకే పత్రం రాసేముందు కోర్కెలను మూడు కుప్పలుగా వేరు చేయండి. కమిషనర్ సంతకంతో అయిపోయేవి మొదటి కుప్ప: హాజరు వేళలు, వారపు సెలవు ఎవరికి ఏ రోజు, వార్డుల మధ్య మార్పులు, స్టోరులో ఉన్న సరుకు పంపిణీ, బండ్ల మరమ్మతు. కౌన్సిల్ లేదా స్థాయీ సంఘం ఆమోదం, సాధారణ నిధిలో కేటాయింపు కావలసినవి రెండో కుప్ప: కొత్త ట్రాక్టరు, హాజరు పాయింటు దగ్గర షెడ్డు, మరుగుదొడ్డి, ఏడాది సరిపడా సామగ్రి కొనుగోలు. రాష్ట్ర ప్రభుత్వం చేతిలో ఉన్నవి మూడోది: వేతనం, ఆరోగ్య భత్యం, క్రమబద్ధీకరణ, ఆప్కాస్ (రాష్ట్ర ప్రభుత్వ ఔట్‌సోర్సింగ్ కార్పొరేషన్) వ్యవహారం. 2023 డిసెంబరు 26న రాష్ట్రమంతా మొదలైన మున్సిపల్ సమ్మె సంక్రాంతి ముందు ముగిసింది మంత్రులతో జరిగిన చర్చల్లోనే తప్ప ఏ కమిషనర్ గదిలోనూ కాదు. మూడో కుప్పలోని అంశాల మీద కమిషనర్ నుంచి రాబట్టగలిగింది ఒక్కటే: "సంఘం కోర్కెను ఫలానా తేదీలోగా పైకి పంపుతాను" అన్న మాట, దాని ఉత్తరం నకలు. అదీ తక్కువేం కాదు.

పత్రం సమావేశానికి కనీసం వారం ముందు ఇవ్వండి. ఇన్‌వార్డులో నంబరు వేయించుకుని, మీ నకలు మీద ముద్ర కొట్టించుకోండి. అంశాలు ఆరేడు మించొద్దు. "గ్లౌజులు లేవు" అని రాస్తే "వస్తాయి" అన్నదే జవాబు. దాన్ని అంకెల్లోకి దించండి. ఒక డివిజన్‌లో కాలువ పూడిక తీసేవాళ్లు 40 మంది ఉన్నారనుకుందాం. ఒక్కొక్కరికి నెలకు రెండు జతల లెక్కన 80 జతలు, ఏడాదికి 960. వీటిలో ఆడవాళ్ల చేతులకు సరిపడే చిన్న సైజు ఎన్ని, పెద్ద సైజు ఎన్ని? ఈ సైజు లెక్క ఇవ్వకపోవడం వల్లే స్టోరులో గ్లౌజులున్నా వాడకం ఉండదు. అందరికీ ఒకే పెద్ద సైజు వస్తుంది, తడిచేతికి జారిపోతుంది, చీపురు కర్ర పట్టు చిక్కదు. రెండో రోజుకల్లా అవి తోపుడు బండి పిడికి వేలాడుతుంటాయి. అప్పుడు ఇన్‌స్పెక్టర్ "ఇచ్చినా వేసుకోరు" అని రాసేస్తాడు. ఇండెంటు (సరుకు కావాలని రాసిపంపే పత్రం) కూడా సరుకు అయిపోయాక పెడుతుంటారు. టెండరు, సరఫరా, బిల్లు పూర్తయ్యేసరికి రెండు నెలలు గడిచిపోతాయి. కాబట్టి ఒప్పుకోవాల్సింది "గ్లౌజులిస్తాం" అని కాదు: "స్టోరులో రెండు నెలల సరుకు మిగిలి ఉండగానే ఇండెంటు పెడతాం, ప్రతి నెలా 5వ తేదీన హాజరు పాయింటు దగ్గరే సైజు చూసి ఇస్తాం, రిజిస్టరులో సంతకం తీసుకుంటాం." సబ్బులు, కొబ్బరి నూనె, చెప్పులు, యూనిఫాంలకూ ఇదే పద్ధతి.

ఇక లేచి వచ్చేటప్పుడు. మినిట్స్ (సమావేశ నిర్ణయాల కాగితం) తర్వాత పంపుతామంటే ఒప్పుకోవద్దు. గది దాటకముందే చేతిరాతతోనైనా రాయాలి, ఇరువైపులా సంతకాలు పడాలి. అయిదు గళ్లు చాలు: అంశం, ఏం నిర్ణయించారు, ఏ అధికారి చేయాలి, ఏ తేదీలోగా, డబ్బు ఏ పద్దు నుంచి. అయిదో గడి ఖాళీగా ఉందంటే ఆ హామీ జరగదని ఎక్కువసార్లు అక్కడే తేలిపోతుంది. అధికారి పేరు కాదు, హోదా రాయించండి. కమిషనర్ బదిలీ అయితే కొత్తగా వచ్చినవారు "నాకు తెలీదు" అనడానికి వీల్లేకుండా ఫైలు నంబరు వేయించండి. ఆరోగ్య విభాగం అధికారి, ఇంజినీరింగ్ నుంచి డీఈ (డిప్యూటీ ఇంజినీరు), లెక్కల విభాగం నుంచి ఒకరు గదిలో లేకపోతే ఆ రోజు సమావేశం వాయిదా కోరడమే మంచిది. అధికారం లేని గుమాస్తాను కూర్చోబెట్టి జరిపిన సమావేశం కంటే జరగని సమావేశం నయం, కనీసం అందరికీ సగం రోజు మిగులుతుంది.

పెద్ద విషయం ఒకటి తేలితే దాన్ని మినిట్స్‌తో వదిలేయకండి. సంఘం, యాజమాన్యం తమలో తాము కుదుర్చుకున్న ఒప్పందం సంతకం పెట్టినవారి మీదే పనిచేస్తుంది. కార్మిక శాఖ రాజీ అధికారి సమక్షంలో కుదిరినది ఆ సంస్థలోని కార్మికులందరినీ, తర్వాత చేరేవాళ్లను కూడా కట్టేస్తుంది. గడువు రాసుకోకపోతే ఆరు నెలలు ఉంటుంది. ఆ తర్వాత కూడా ఎవరో ఒకరు రాతపూర్వకంగా రద్దు నోటీసు ఇచ్చి 60 రోజులు గడిచేదాకా కొనసాగుతుంది.

*ప్రశ్న: మా మున్సిపాలిటీలో మూడు సంఘాలు. ఒకరితో మాట్లాడితే మిగతా ఇద్దరు గేటు ముందు కూర్చుంటారు. ఎవరితో మాట్లాడాలో చట్టం చెబుతుందా?*
(ఒక అధికారి, శ్రీకాకుళం జిల్లా)

చెబుతుంది. మస్తరులో (హాజరు పట్టీలో) ఉన్న కార్మికుల్లో 51 శాతం లేదా అంతకు మించి సభ్యత్వం ఉన్న సంఘమే ఏకైక చర్చల సంఘం. ఎవరికీ అంత లేకపోతే 20 శాతం, ఆపైన సభ్యత్వం ఉన్న సంఘాలన్నిటితో చర్చల మండలి వేయాలి. మస్తరులో 240 మంది ఉంటే 51 శాతమంటే 123 మంది, 20 శాతమంటే 48 మంది. 100, 80, 60 మంది ఉన్న మూడు సంఘాలైతే ముగ్గురికీ కుర్చీ ఉంటుంది. గుర్తింపు కనీసం మూడేళ్లు నిలుస్తుంది.

గొడవంతా మస్తరు దగ్గరే. పర్మినెంట్ వాళ్లను మాత్రమే లెక్కేస్తే ఒక సంఘం గెలుస్తుంది, ఆప్కాస్ వాళ్లను కలిపితే ఇంకోటి గెలుస్తుంది. ఏ జాబితా మీద, ఏ తేదీ నాటి హాజరు మీద లెక్కించేదీ మూడు సంఘాలనూ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి ముందే రాయించుకోండి. తమకు అనుకూలమైన సంఘాన్ని పక్కన పెట్టుకుని సంతకాలు కానిచ్చేద్దామని కొందరు అధికారులకు అనిపిస్తుంది. ఆ సంతకం ఆర్నెల్లు నిలవదు, మిగతా ఇద్దరూ ఒక్కటై వస్తారు.

*ప్రశ్న: తెల్లారి అయిదింటికే పాయింటుకి వెళ్తున్నాను. ముఖం చూపించే హాజరు యాప్ చీకట్లో తీసుకోదు, సిగ్నల్ ఉండదు. పోయిన నెల నాలుగు రోజుల జీతం కోసేశారు. మేస్త్రీ బావును అడిగితే "నాను ఏటి సేస్తాను, సిస్టం" అన్నాడు. ఎవరిని అడగాలి?*
(పారిశుద్ధ్య కార్మికురాలు, ఆమదాలవలస)

అమ్మా, ఇది సమ్మె దాకా పోవలసిన విషయం కాదు, అలాగని మేస్త్రీతో తేలేదీ కాదు. 20 మంది, ఆపైన కార్మికులున్న ప్రతి సంస్థలోనూ ఫిర్యాదుల పరిష్కార కమిటీ ఉండాలి. అందులో యాజమాన్యం వైపు ఎంతమందో కార్మికుల వైపూ అంతమందే, మొత్తం పదిమందికి మించకూడదు. అధ్యక్షత ఒక ఏడాది వాళ్లది, ఒక ఏడాది మీది. సంస్థలో ఆడవాళ్లు ఎంత శాతముంటే కమిటీలోనూ కనీసం అంత శాతం ఉండాలి. చీపురు పట్టేవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే కాబట్టి ఈ నియమం పాటిస్తే కమిటీ రూపమే మారిపోతుంది. పాటిస్తున్నారా అన్నది మీ సంఘం అడగవలసిన మొదటి ప్రశ్న.

ఆ నాలుగు రోజుల తేదీలు, హాజరు పాయింటు పేరు, ఆ రోజు మీ పక్కన పనిచేసిన ఇద్దరి పేర్లు, ఆ వీధిలో మీరు పనిచేసినట్టు వార్డు సచివాలయం పారిశుద్ధ్య కార్యదర్శి దగ్గరున్న వివరం, ఇవన్నీ కలిపి ఒక పేజీలో రాసివ్వండి. సంఘటన జరిగిన ఏడాదిలోగా ఇవ్వాలి. కమిటీ 30 రోజుల్లో తేల్చాలి. కార్మికుల వైపు సభ్యుల్లో సగంమందికి పైగా ఒప్పుకోకపోతే అది నిర్ణయమే కాదు. మీకు న్యాయం జరగలేదనుకుంటే 60 రోజుల్లోగా మీ సంఘం ద్వారా రాజీ అధికారి దగ్గరకు వెళ్లవచ్చు.

"మీరు ఆప్కాస్ వాళ్లు, మాకు సంబంధం లేదు" అంటే నమ్మకండి. జీతం ఆప్కాస్ నుంచి వచ్చినా మీరు ఎన్ని రోజులు పనిచేశారో రాసి పంపేది మున్సిపాలిటీయే. కోత పడింది ఆ రాతలోనే.

ఇక్కడ సంఘానికీ ఒక పని ఉంది. ఒక్కొక్కరి కోత విడివిడిగా తిరిగి తెప్పించుకోవడంతో ఆగకుండా, యాప్ పనిచేయని రోజున ఏం చేయాలో ఒక నియమం కుదుర్చుకోవాలి: 15 నిమిషాల్లో ముఖం తీసుకోకపోతే కాగితం మస్తరులో సంతకం, దాన్ని అదే రోజు మధ్యాహ్నంలోగా ఇన్‌స్పెక్టర్ ధ్రువీకరణ, నెలాఖరున 25వ తేదీన రెండు హాజర్లూ పోల్చి చూడటం. జీతాల బిల్లు వెళ్లకముందే పోల్చాలి. బిల్లు వెళ్లాక సరిచేయాలంటే అనుబంధ బిల్లు పెట్టాలి, దానికి ఎవరూ తొందరపడరు.

*ప్రశ్న: జీతం 21,000 దాటితే ఈఎస్‌ఐ పోతుందట. అలాంటప్పుడు పెంపు అడగడం మంచిదేనా?*
(బొబ్బిలి)

ఈఎస్‌ఐ (కార్మికుల వైద్య బీమా) పరిమితి నెలకు 21,000. సరిగ్గా 21,000 వరకు లోపలే, దాటితే బయట. అయితే మీ జీతంలో ఎంత భాగాన్ని ఈఎస్‌ఐ వేతనంగా లెక్కేస్తున్నారో ముందు చూడండి. వేతనం 15,000, ఆరోగ్య భత్యం 6,000 అనుకుంటే, కార్మికుడి వాటా 0.75 శాతం. స్లిప్పులో కోత 158 ఉంటే మొత్తం 21,000 మీద లెక్కేసినట్టు. 113 ఉంటే 15,000 మీదే. రెండోదైతే మీకింకా చాలా ఖాళీ ఉంది.

దాటినా వెంటనే పోదు. చందా కాలాలు రెండు: ఏప్రిల్ నుంచి సెప్టెంబరు, అక్టోబరు నుంచి మార్చి. మే నెలలో జీతం పెరిగితే సెప్టెంబరు 30 దాకా చందా కట్టాల్సిందే, దాని మీద వచ్చే ప్రయోజనాలు మరుసటి జనవరి నుంచి జూన్ దాకా నడుస్తాయి. పెంపు ఒప్పందంలోనే, ఈఎస్‌ఐ ఆగిన రోజు నుంచి ఏ వైద్య బీమా వర్తిస్తుందో ఒక వాక్యం పెట్టించుకోండి. పెంపు మాత్రం మానుకోవద్దు.

*ప్రశ్న: సమ్మె నోటీసు ఇప్పుడు 60 రోజుల ముందు ఇవ్వాలంటున్నారు. మరి 14 రోజులన్నది ఏమైంది?*
(సంఘం బాధ్యుడు, పలాస)

రెండూ ఉన్నాయి. నోటీసు ఇచ్చాక 14 రోజుల్లోపు సమ్మెకు దిగకూడదు, ఇచ్చిన 60 రోజులు దాటాక ఆ నోటీసు చెల్లదు. నవంబరు 3న నోటీసు అందజేశారనుకోండి. 4 నుంచి 17 వరకు ఆగాలి. 18 నుంచి జనవరి 2 వరకు ఆ నోటీసు పనికొస్తుంది. నోటీసులో మీరే డిసెంబరు 1 అని తేదీ వేసి ఉంటే అంతకు ముందు దిగకూడదు. పాత చట్టంలో ఇది ఆరు వారాలు, అదీ మంచినీరు, పారిశుద్ధ్యం లాంటి ప్రజా ప్రయోజన సేవలకే. ఇప్పుడు అన్ని సంస్థలకూ వర్తిస్తుంది.

ఎక్కువమంది తప్పటడుగు వేసేది దీని తర్వాతే. నోటీసు అందాక రాజీ అధికారి మొదటి సమావేశం పెట్టిన రోజు నుంచి రాజీ చర్చలు మొదలైనట్టు. అవి నడుస్తున్నంత కాలం, ముగిశాక ఏడు రోజులు సమ్మె చేస్తే అక్రమమవుతుంది. అందుకే చర్చలకు పిలుపు రాగానే తేదీ రాసిపెట్టుకోండి, ముగిసినప్పుడు ముగిసినట్టు కాగితం అడిగి తీసుకోండి. "చర్చలు విఫలమయ్యాయి" అని మీరు పత్రికా ప్రకటన ఇస్తే ముగిసినట్టు కాదు.

ఇంకొక ఉచ్చు ఉంది. "సమ్మె కాదు, మూకుమ్మడి సెలవు" అనే పాత ఉపాయం ఇక పనిచేయదు. ఒకే రోజున సగంమంది, ఆపైన కలిసి క్యాజువల్ లీవు పెడితే కోడ్ దాన్ని సమ్మెగానే చూస్తుంది. అక్రమ సమ్మెలో పాల్గొన్న కార్మికుడికి వెయ్యి నుంచి పది వేల వరకు జరిమానా, నెల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. వీటికి తోడు రాష్ట్రం చేతిలో 1971 నాటి ఎస్మా (అత్యవసర సేవల నిర్వహణ చట్టం) ఉంది. 2024 జనవరిలో అంగన్‌వాడీల సమ్మె మీద దాన్ని ప్రయోగించారు.

కమిషనర్ల వైపూ ఒక మాట. నోటీసు అందిన అయిదు రోజుల్లో ప్రభుత్వానికి, రాజీ అధికారికి తెలపాలి. చాలాచోట్ల అది బల్ల మీదే పడి ఉంటుంది. ఆగాల్సిన ఆ 14 రోజులే మాట్లాడుకోవడానికి దొరికే సమయం. అందులో పది రోజులు ఫైలు కదలక పోగొట్టుకుని, ఆఖరి నాలుగు రోజులు ఫోన్లలో బతిమాలుకోవడం ఎవరికీ మంచిది కాదు.

*ప్రశ్న: పండగలకూ తుపాన్లకూ రోజుకు 12 గంటలు చేయిస్తారు, తర్వాత ఏమీ ఇవ్వరు. ముందే ఏదైనా ఒప్పందం చేసుకోవచ్చా?*
(విజయనగరం, ఉద్దానం నుంచి వచ్చిన రెండు ఉత్తరాలు)

తప్పకుండా. కార్మికులూ అధికారులూ ఇద్దరూ బాగుపడే ఒప్పందం ఇదే, ఎందుకో అందరూ మరిచిపోయేదీ ఇదే. పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం దసరా తర్వాతి మంగళవారం, ముందురోజు సోమవారం తొలేళ్లు. తేదీ నెలల ముందే తెలుసు. మూడు లాంతర్ల నుంచి కోట దాకా ఆ రెండు రోజులు జనం, కొబ్బరి చిప్పలు, అరటి డొప్పలు, నీళ్ల ప్యాకెట్లు. ఇంత తెలిసీ డ్యూటీ ఆర్డరు తొలేళ్ల ముందురోజు సాయంత్రం రావడం ఏమిటి?

సెప్టెంబరు మొదట్లోనే కూర్చుని రాసుకోవలసినవి: ఒక్కో షిఫ్టు ఎనిమిది గంటలు, రోజుకు మూడు బృందాలు, పక్క మున్సిపాలిటీల నుంచి ఎంతమంది వస్తారు, వాళ్లకు బస ఎక్కడ. ఎనిమిది గంటలు దాటితే రెట్టింపు రేటుకు తక్కువ కాకుండా ఓవర్‌టైం, లేదా పది రోజుల్లోపు పరిహార సెలవు, ఏది ఎవరికన్నది ముందే. గుంపులోకి తోపుడు బండి పోదు కాబట్టి గోనె సంచులు, రెండు వీధులకొక చోట పోగు. ఆడవాళ్లకు మరుగుదొడ్డి ఎక్కడో, రాత్రి రెండింటికి పని ముగిసినవాళ్లు ఇంటికి ఏ బండిలో వెళ్తారో. చివరిదాన్ని తేలిగ్గా తీసుకోకండి, రాత్రి షిఫ్టుకు మనుషులు రాకపోవడానికి సగం కారణం అదే.

తుపాను సంగతి వేరు, తేదీ చెప్పి రాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ పలాస ప్రాంతాన్ని ఊడ్చేసినప్పుడు మొదటి పని చెత్త కాదు, పడిపోయిన చెట్లు. చెట్లు కోసే రంపం నడపడం నేర్చుకోని మనిషి చేతికి దాన్ని ఇవ్వకూడదని ఒప్పందంలో ఉండాలి. నడపగలిగినవాళ్ల జాబితా జూన్‌లోనే తయారవ్వాలి. కొమ్మల కింద కరెంటు తీగ కనిపిస్తే విద్యుత్ పంపిణీ సంస్థ ఈపీడీసీఎల్ నుంచి లైన్ క్లియర్ (సరఫరా ఆపామన్న మాట) వచ్చిందని ఇన్‌స్పెక్టర్ చెప్పేదాకా చెట్టు ముట్టకూడదు. ఫోనులో విన్నామన్నది చాలదు, ఎవరు చెప్పారు, ఎన్ని గంటలకు అన్నది పుస్తకంలో రాయాలి. గమ్ బూట్లు, రెయిన్ కోట్లు, టార్చిలైట్లు ఒక పెట్టెలో విడిగా, తాళంచెవి రాత్రి డ్యూటీ మేస్త్రీ దగ్గర. స్టోరు గుమాస్తా ఇంట్లో ఉంటే ఆ రాత్రి పెట్టె తెరుచుకోదు.

అత్యవసరంలో షిఫ్టు మార్చాలంటే ఫిర్యాదుల కమిటీని సంప్రదించి మార్చవచ్చు. మామూలు రోజుల్లో షిఫ్టు, పని గంటలు, సెలవుల్లాంటివి మార్చాలంటే యాజమాన్యం 21 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. ఏప్రిల్ ఎండలకు పని వేళ మార్చడానికి కూడా ఈ నోటీసు వర్తిస్తుందని చాలామంది అధికారులకు గుర్తుండదు. సంఘమే మార్చి మొదటివారంలో గుర్తు చేస్తే ఇద్దరికీ సుఖం.

*ప్రశ్న: మ్యాన్‌హోల్‌లో దిగమంటున్నారు. దిగనంటే ఉద్యోగం తీసేస్తారా?*
(రాజాం)

దిగకండి. రక్షణ సామగ్రి లేకుండా మురుగు కాలువలోకి, సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దింపడం, చేతులతో పాకీ పనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం నేరం. దింపినవారికి మొదటిసారి రెండేళ్ల వరకు జైలు, రెండు లక్షల వరకు జరిమానా, లేదా రెండూ. యంత్రం అసలు పనిచేయని ప్రత్యేక పరిస్థితుల్లో, పూర్తి రక్షణ సామగ్రితో, కమిషనర్ కారణాలు రాసి లిఖిత అనుమతి ఇస్తేనే దించాలి. మేస్త్రీ నోటిమాట అనుమతి కాదు. "ఆ కాగితం చూపించండి" అని అడగండి, అక్కడితో చాలాసార్లు ఆగిపోతుంది. ఇలాంటి పనిలో ప్రాణం పోతే 30 లక్షల పరిహారం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2023 అక్టోబరు 20న ఆదేశించింది. సంఘం, మున్సిపాలిటీ ఒప్పందంలో ఈ విషయం మీద బేరం ఉండకూడదు, ఓవర్‌టైం ఇచ్చినా సరే.

*ప్రశ్న: మాది గ్రామ పంచాయతీ. గ్రీన్ అంబాసిడర్లం (ఊరి చెత్త సేకరించేవాళ్లం) అయిదుగురం. ఈ కమిటీలు మాకూ ఉంటాయా?*
(శ్రీకాకుళం జిల్లా)

అయిదుగురితో కమిటీ రాదు, 20 మంది ఉండాలి. మీరు మండలం మొత్తం కలిసి ఒకే సంఘంగా ఉంటేనే మాట చెల్లుతుంది. గౌరవ వేతనం బకాయి ఉంటే ముందు పంచాయతీ కార్యదర్శికి, సర్పంచ్‌కు నెలల వారీగా రాసివ్వండి. తర్వాత అదే నకలు జతచేసి డివిజనల్, జిల్లా పంచాయతీ అధికారులకు. ఏ నెలకు ఎంత రావాలి, ఎంత వచ్చింది, బ్యాంకు పాసుపుస్తకం పేజీ జిరాక్సు: ఈ మూడూ లేని అర్జీ సోమవారం గ్రీవెన్స్‌లో నంబరు మాత్రం తెచ్చుకుని తిరిగొస్తుంది.